ఏఐ ఏజెంట్‌కి గేమ్ సీన్ అర్థం కావాలంటే ఫైల్ ఇస్తే చాలదు

ఒక గేమ్ మెనూలో ‘స్టార్ట్’ బటన్ ఉంది. దాన్ని నొక్కితే మెనూ స్క్రిప్ట్‌లోని బిగిన్‌గేమ్ అనే ఫంక్షన్ నడిచి మొదటి లెవెల్ తెరుచుకుంటుంది. ఈ ప్రాజెక్ట్‌లో వాడకంలో లేని కోడ్ అంతా తీసేయమని ఒక ఏఐ ఏజెంట్‌కి, అంటే అప్పగించిన పనిని తనంతట తానే చేసుకుపోయే ఏఐకి, పని అప్పగించారనుకుందాం. అది కోడ్ ఫైళ్లన్నీ గాలించింది. బిగిన్‌గేమ్‌ని పిలిచే లైన్ ఒక్కటీ దొరకలేదు. ఎవరూ వాడట్లేదు కదా అని తీసేసింది. కోడ్ చక్కగా కంపైల్ అయింది, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తీరా గేమ్ తెరిచి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

తనకి కనిపించినంతలో ఏజెంట్ చేసింది సరైన పనే. బటన్‌కీ ఆ ఫంక్షన్‌కీ మధ్య ఉన్న ముడి కోడ్‌లో లేదు, సీన్ ఫైల్‌లో, అంటే ఆటలోని వస్తువుల అమరిక రాసి ఉండే ఫైల్‌లో ఉంది. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ఏ బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలో దాని ఎడిటర్‌లోనే ఎంచుకుని పెట్టేస్తాం. ఎడిటర్ ఆ ఫంక్షన్ పేరుని మామూలు అక్షరాలుగా సీన్‌లో రాసుకుంటుంది. కంపైలర్ ఆ ఫైల్ వైపు కన్నెత్తి కూడా చూడదు. అందుకే ఫంక్షన్ పోయినా, దాని పేరు మారినా ఎవరూ హెచ్చరించరు.

గేమ్ తయారీలో ఏఐ ఏజెంట్లని వాడే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటిది ఎదురవుతుంది. మామూలు వెబ్ ప్రాజెక్ట్‌లో కోడ్ చదివితే దాదాపు అంతా చదివినట్టే. గేమ్‌లో అలా కాదు. ఏ వస్తువు ఎక్కడుంది, దేనికి ఏ స్క్రిప్ట్ తగిలించారు, ఆ స్క్రిప్ట్‌కి ఏ విలువలు ఇచ్చారు, ఏది దేన్ని చూపిస్తోంది అనేవన్నీ సీన్‌లో ఉంటాయి. కోడ్ సగం కథ చెబుతుంది, మిగతా సగం సీన్ చెబుతుంది. ఈ రెండో సగాన్ని ఏజెంట్‌కి చదివి పెట్టే టూల్ ఎలా ఉండాలి, అది ఎందుకు అనుకున్నంత తేలిక కాదు అన్నదే ఇక్కడి విషయం.

కోడ్‌లో 5, ఆటలో 12

ఇంకో చిన్న ఉదాహరణ చూస్తే సీన్ బలం ఎంతో తెలుస్తుంది. శత్రువు పాత్ర వేగం కోడ్‌లో 5 అని రాసి ఉంది. డిజైనర్ ఎడిటర్‌లో దాన్ని 12కి మార్చి సేవ్ చేశారు. శత్రువు మరీ వేగంగా పరిగెడుతోందని మీరు ఏజెంట్‌తో అన్నారు. అది కోడ్ తెరిచి 5ని 3 చేసింది. యూనిటీలో అయితే ఈ మార్పు వల్ల ఏమీ ఒరగదు. యూనిటీ స్క్రిప్ట్‌లోని ఆ ఫీల్డ్ విలువని సీన్‌లో లేదా ప్రీఫ్యాబ్ అనే అచ్చులో రాసి ఉంచుతుంది. గేమ్ నడిచేటప్పుడు చెల్లేది ఆ రాసి ఉన్న 12 మాత్రమే. కోడ్‌లోని అంకె కొత్తగా తగిలించే వాటికే వర్తిస్తుంది.

గోడో అనే ఇంకో ఇంజిన్‌లో పద్ధతి వేరు. డిఫాల్ట్‌తో, అంటే కోడ్‌లో ముందే ఇచ్చిన విలువతో, సమానంగా ఉన్న విలువని గోడో సీన్ ఫైల్‌లో అసలు రాయదు. ఎవరూ మార్చని శత్రువులు కోడ్‌లోని డిఫాల్ట్ వెంటే నడుస్తాయి, ఎడిటర్‌లో మార్చినవి మాత్రం తమ విలువ దగ్గరే ఆగిపోతాయి. అంటే కోడ్‌లో అదే ఒక్క లైన్ మారిస్తే యూనిటీలో పాత శత్రువులు ఒక్కటీ కదలవు, గోడోలో కొన్ని కదులుతాయి, కొన్ని కదలవు. సీన్ చూడకుండా ఇది చెప్పడం ఎంత పెద్ద ఏఐ మోడల్‌కైనా సాధ్యం కాదు, ఎందుకంటే ఆ సమాచారం కోడ్‌లో లేనే లేదు.

ఫైల్ టెక్స్టే కదా, చదివేస్తే పోలా?

అందరికీ మొదట వచ్చే ఆలోచన ఇదే. యూనిటీ సీన్ ఫైల్ టెక్స్ట్ రూపంలో సేవ్ అయ్యేలా సెట్ చేసుకోవచ్చు, చాలా ప్రాజెక్టుల్లో అలాగే ఉంటుంది. లోపల యామల్ అనే టెక్స్ట్ ఫార్మాట్. ఏజెంట్‌కి ఫైళ్లు చదవడం వచ్చు. మరి ఇబ్బంది ఎక్కడ?

ఆ ఫైల్‌ని ఒకసారి తెరిచి చూడండి. ‘తలుపు’ అనే వస్తువు కోసం వెతికారనుకుందాం. పేరు ఒక ముక్కలో దొరుకుతుంది. ఆ ముక్క మీద 1 అనే అంకె ఉంటుంది, అంటే ఇది గేమ్ ఆబ్జెక్ట్ అని అర్థం. అది ఎక్కడుందో ఈ ముక్కలో ఉండదు. దాని కాంపొనెంట్ల (వస్తువుకి తగిలించిన భాగాల) జాబితాలో పొడవాటి నంబర్లు కొన్ని ఉంటాయి. ఆ నంబర్లలో ఒకదాన్ని పట్టుకుని ఫైల్‌లో ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో ముక్కకి వెళ్లాలి. దాని మీద 4 అని ఉంటుంది, అది ట్రాన్స్‌ఫామ్, అంటే వస్తువు ఎక్కడ, ఎటు తిరిగి, ఎంత పెద్దగా ఉందో చెప్పే భాగం. తలుపు స్థానం అక్కడ దొరుకుతుంది, దాని తల్లి వస్తువు ఏదో కూడా అక్కడే తెలుస్తుంది, అదీ మరో నంబర్ రూపంలో. ఆ నంబర్ వెంట వెళితే తల్లి ట్రాన్స్‌ఫామ్ వస్తుంది. అందులోనూ పేరు ఉండదు. పేరు కోసం మళ్లీ దాని గేమ్ ఆబ్జెక్ట్ దగ్గరికి వెళ్లాలి. తలుపుకి తగిలించిన మన స్క్రిప్ట్ ఏది అని చూస్తే 114 అని గుర్తున్న ముక్క వస్తుంది. అక్కడ స్క్రిప్ట్ పేరుకి బదులు 32 అక్షరాల జీయూఐడీ (యూనిటీ ఆ ఫైల్‌కి ఇచ్చిన గుర్తింపు) ఉంటుంది. అది ఏ ఫైల్‌దో తెలియాలంటే ప్రాజెక్ట్‌లో ఒక్కో ఫైల్ పక్కన దాని గుర్తింపుతో ఉండే మెటా ఫైళ్లన్నీ వెతకాలి.

మనిషి అయినా మోడల్ అయినా ఇలా పదిసార్లు గెంతేసరికి దారి తప్పడం ఖాయం. దానికి తోడు టోకెన్ల (మోడల్ చదివే టెక్స్ట్ ముక్కల) బరువు. ఒక వస్తువుని తెర మీద చూపించే రెండరర్ కాంపొనెంట్ ఒక్కటే పదుల కొద్దీ లైన్లు ఉంటుంది. నీడ పడాలా, లైట్‌మ్యాప్ ఎంత ఉండాలి, ఏ లేయర్ లాంటివన్నీ, ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్‌లతో సహా రాసి ఉంటాయి. వస్తువుకి సగటున 100 లైన్లు అనుకున్నా 2,000 వస్తువులున్న సీన్ 2 లక్షల లైన్లవుతుంది. మన ప్రశ్నకి కావలసింది అందులో ఏ పది లైన్లో. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా ఇంత సరుకు ఒకేసారి నెత్తిన పడితే మోడల్ మధ్యలో ఉన్నది వదిలేస్తుంది, లేదా ఒక నంబర్‌ని ఇంకో నంబర్ అనుకుంటుంది.

ప్రీఫ్యాబ్‌లు వస్తే చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ప్రీఫ్యాబ్ అంటే ఒకసారి తయారుచేసి పదిచోట్ల పెట్టుకునే అచ్చు. సీన్ ఫైల్‌లో ఆ అచ్చు మొత్తం ఉండదు. ‘ఫలానా అచ్చు, అందులో ఫలానా వస్తువుకి ఫలానా ఫీల్డ్ విలువ మార్చాం’ అని తేడాలు మాత్రమే ఉంటాయి. 2018.3 వెర్షన్ నుంచి ప్రీఫ్యాబ్ లోపల ప్రీఫ్యాబ్ పెట్టొచ్చు, ఒకదాని మీద ఆధారపడి ఇంకో వేరియంట్ చేయొచ్చు. ఒక దీపం వెలుతురు ఎంతో చెప్పాలంటే అసలు ప్రీఫ్యాబ్, దాని వేరియంట్, దాన్ని పొదిగిన గది ప్రీఫ్యాబ్, చివరికి సీన్, ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి చూడాలి. అందులో ఏ ఒక్క పొర మర్చిపోయినా జవాబు తప్పే.

గోడో ఫైళ్లు ఈ విషయంలో చాలా నయం. నోడ్ (సీన్‌లోని ఒక్కో వస్తువుని గోడో పిలిచే పేరు) పేరు, రకం, తల్లి నోడ్ దారి ఒకే లైన్‌లో మనిషి చదివేలా ఉంటాయి. సిగ్నల్ కనెక్షన్లు, అంటే ఏది జరిగితే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే ముడులు, ఫైల్ చివర విడిగా కనిపిస్తాయి. అక్కడా రెండు గోతులున్నాయి. ఇంకో సీన్‌ని తెచ్చి పెట్టిన నోడ్‌కి రకం రాసి ఉండదు, ఆ రెండో ఫైల్ తెరిస్తేనే తెలుస్తుంది. పైన చెప్పినట్టు డిఫాల్ట్ విలువలు ఫైల్‌లో ఉండవు కాబట్టి, ఒక విలువ కనిపించకపోతే అది లేదని కాదు, డిఫాల్ట్‌లో ఉందని అర్థం చేసుకోవాలి.

అన్‌రియల్ అనే మూడో ఇంజిన్ సంగతికొస్తే అసలు తలుపే మూసేసి ఉంటుంది. లెవెల్ ఫైళ్లు, బ్లూప్రింట్లు (బొమ్మల రూపంలో కట్టే స్క్రిప్టులు) బైనరీలో, అంటే టెక్స్ట్ కాని రూపంలో ఉంటాయి. ఇంజిన్ సాయం లేకుండా వాటిని నమ్మకంగా చదవలేం.

ఫైల్‌ని చదవాలా, ఎడిటర్‌ని అడగాలా

టూల్ కట్టేవాళ్ల ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఎడిటర్ తెరవకుండా నేరుగా ఫైళ్లని పార్స్ చేయడం, అంటే ప్రోగ్రామ్‌తో చదివి విడదీయడం. ఇది వేగంగా ఉంటుంది, ఎడిటర్ లేని సర్వర్ మీదా నడుస్తుంది, ఫైళ్ల పాత రూపాలు దాచే గిట్‌లోని పాత వెర్షన్ సీన్‌ని కూడా చదవగలదు. నిన్నటికీ ఇవాళ్టికీ సీన్‌లో ఏం మారింది అనే ప్రశ్నకి ఇదే సరైన దారి. కాకపోతే ప్రీఫ్యాబ్ పొరల్ని పేర్చే పని మనమే చేయాలి. ఇంజిన్ కొత్త వెర్షన్ వచ్చి ఫార్మాట్ కాస్త మారితే పార్సర్‌ని సరిచేసుకోవాలి.

రెండోది, ఎడిటర్ లోపల చిన్న ప్లగిన్ (అదనపు ప్రోగ్రామ్) పెట్టి, నడుస్తున్న ఎడిటర్‌నే అడగడం. అన్ని పొరలూ పేర్చేశాక మిగిలిన అసలు విలువ ఇంజిన్ దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఇంకా సేవ్ చేయని మార్పులు కూడా కనిపిస్తాయి. గేమ్ నడుస్తున్నప్పుడు పుట్టే వస్తువులు ఏ ఫైల్‌లోనూ ఉండవు కాబట్టి, వాటిని చూడాలంటే ఇదొక్కటే దారి. అన్‌రియల్‌కి దాదాపుగా ఈ దారే గతి. ఎడిటర్ లోపల పైథాన్ స్క్రిప్ట్ నడిపి లెవెల్‌లోని యాక్టర్ల (వస్తువుల) గురించి అడగొచ్చు.

ఈ రెండో దారిలో వచ్చే తలనొప్పులు బయటివాళ్లకి తెలియవు. యూనిటీలో సీన్‌ని ముట్టుకునే ఫంక్షన్లు మెయిన్ థ్రెడ్ (ఎడిటర్ ముఖ్య పనుల వరుస) మీదే నడవాలి. బయటి నుంచి వచ్చిన ప్రశ్నని వేరే థ్రెడ్ అందుకుంటే, దాన్ని క్యూలో పెట్టి ఎడిటర్ తదుపరి అప్‌డేట్ దాకా ఆగాలి. ఇంకోటి, ఏజెంట్ కోడ్‌లో ఒక లైన్ మార్చగానే యూనిటీ కంపైల్ చేసి స్క్రిప్టులన్నిటినీ మళ్లీ లోడ్ చేస్తుంది. ఆ దెబ్బకి మన ప్లగిన్ తెరిచిన కనెక్షన్ కూడా పోతుంది. కోడ్ మార్చడం, వెంటనే సీన్ అడగడం అనేది ఏజెంట్ పదేపదే చేసే పని. సరిగ్గా ఆ క్షణంలోనే లైన్ తెగుతుంది. దాన్ని ఎర్రర్‌గా చూపిస్తే ఏజెంట్ కంగారుపడి లేనిపోని రిపేర్లు మొదలుపెడుతుంది. ‘కంపైల్ అవుతోంది, కాసేపాగి మళ్లీ అడుగు’ అని స్పష్టంగా చెప్పే టూలే నిలబడుతుంది.

నా సలహా అడిగితే రెండూ ఉండాలి, వాటి పేర్లు వేరుగా ఉండాలి. ఫైల్‌లో ఉన్నది ఒకటి, ఎడిటర్‌లో ఇప్పుడున్నది ఇంకొకటి. జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే రెండిటికీ తేడా వచ్చిన రోజు ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఏజెంట్‌కీ టూల్‌కీ మధ్య మాటామంతీ ఎలా అన్నది ఇప్పుడు పెద్ద సమస్య కాదు. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ, దీనికి ఒక అంగీకృత పద్ధతి ఇచ్చింది. టూల్ పేరు, అది ఏం చేస్తుందో వివరణ, ఏయే ఇన్‌పుట్లు కావాలో ముందే ప్రకటిస్తే చాలు, ఏజెంట్ చూసుకుని పిలుస్తుంది. కష్టమంతా ఆ టూల్ ఏం జవాబిస్తుంది అన్న దగ్గరే ఉంది.

మొత్తం కుమ్మరించకుండా, అడిగినదానికి జవాబు

చాలామంది మొదట రాసే టూల్‌లో ఒకే ఒక్క ఫంక్షన్ ఉంటుంది: సీన్ మొత్తాన్ని జేసన్ అనే ఇంకో టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చి ఇచ్చేయడం. యామల్ కొండ కాస్తా జేసన్ కొండ అవుతుంది, అంతకు మించి లాభం లేదు. పనికొచ్చే టూల్ అడిగినదానికి జవాబిస్తుంది. ముందు పైపైన ఒక చూపు, ఆ తర్వాత కావలసిన చోటికి దగ్గరగా. తలుపు ఎందుకు తెరుచుకోవట్లేదు అని ఏజెంట్ వెతుకుతోందనుకోండి. తలుపు కింద ఏముందో అడిగితే దానికి రావలసింది ఇంతే:

తలుపు: కొలైడర్, యానిమేటర్, డోర్ కంట్రోలర్
— పిడి: మెష్
— సెన్సర్: కొలైడర్, ట్రిగ్గర్; ఆఫ్ చేసి ఉంది

మూడు లైన్లు. కొలైడర్ అంటే తాకిడిని కనిపెట్టే భాగం, ట్రిగ్గర్ అంటే అడ్డుకోకుండా ఎవరైనా లోపలికి వస్తే చెప్పేది. కారణం మూడో లైన్‌లోనే కనిపిస్తోంది. మనిషి లోపలికి వచ్చాడని కనిపెట్టాల్సిన సెన్సరే ఆఫ్‌లో ఉంది. ఇదే సమాచారం అసలు ఫైల్‌లో కొన్ని వందల లైన్ల మధ్య, ఒకటి ఉండాల్సిన చోట ఉన్న ఒక సున్నాగా దాక్కుని ఉంటుంది.

ఈ ఉదాహరణలోనే ఇంకో గొయ్యి ఉంది. యూనిటీలో పేరుతో వస్తువుని వెతికే మామూలు ఫంక్షన్ ఆఫ్‌లో ఉన్న వస్తువుల్ని చూపించదు. తెలియక దాని మీద టూల్ కడితే, సెన్సర్ అనేదే లేదని జవాబొస్తుంది. ఏజెంట్ కొత్త సెన్సర్ తయారుచేసి తలుపుకి తగిలిస్తుంది. ఇప్పుడు రెండు సెన్సర్లు. రేపు ఎవరో పాతదాన్ని ఆన్ చేస్తే తలుపు రెండుసార్లు తెరుచుకోబోతుంది. అన్‌రియల్‌లో వరల్డ్ పార్టిషన్ (లెవెల్‌ని ముక్కలు చేసి కావలసినవే లోడ్ చేసే పద్ధతి) వాడే పెద్ద లెవెల్స్‌లోనూ ఇంతే, ఎడిటర్‌ని మామూలుగా అడిగితే లోడ్ అయిన యాక్టర్లే వస్తాయి. అందుకే ‘దొరకలేదు’ అనే జవాబుకి పక్కనే ‘ఎక్కడెక్కడ వెతికాను’ అన్నది ఉండి తీరాలి. 500 ఉంటే 50 చూపించినప్పుడు, ఇంకా 450 ఉన్నాయని చెప్పాలి. చెప్పకుండా కత్తిరిస్తే ఏజెంట్ ఆ 50నే లోకం అనుకుంటుంది. తెలియదని చెప్పే టూల్ కంటే తెలిసినట్టు మౌనంగా ఉండే టూల్ చేసే నష్టమే ఎక్కువ.

స్థానాల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఫైల్‌లో ఉండేది తల్లి వస్తువుతో పోల్చి చెప్పే స్థానం. యూనిటీలో తల్లి వస్తువు (10, 0, 0) దగ్గర ఉంది, 2 రెట్లు పెద్దది చేశారు, నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పారు. పిల్ల వస్తువు స్థానం (3, 0, 0) అని రాసి ఉంది. తొందరపడి కూడితే (13, 0, 0) వస్తుంది. అసలు జవాబు (10, 0, -6). మోడల్ ఈ లెక్క చేయగలదు, కానీ ఐదారు తరాల లోతున్న చెట్టులో ఎక్కడో ఒకచోట తడబడుతుంది. తిప్పిన కోణం కూడా ఫైల్‌లో (0, 0.7071068, 0, 0.7071068) అనే క్వాటర్నియన్‌గా, అంటే కోణాన్ని నాలుగు అంకెల్లో చెప్పే రూపంలో ఉంటుంది. టూల్ దీన్ని ‘నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు’ అని, అసలు స్థానంతో పాటు లెక్కగట్టి ఇస్తే ఏజెంట్ బుర్ర అసలు పని మీద ఉంటుంది. ఏ కొలత అన్నది కూడా చెప్పాలి. యూనిటీ, గోడోల్లో 1 అంటే మామూలుగా మీటరు, నిలువు అక్షం వై. అన్‌రియల్‌లో 1 అంటే సెంటీమీటరు, నిలువు అక్షం జెడ్. ఒక ఇంజిన్ అలవాటుతో ఇంకో ఇంజిన్ అంకెలు చదివితే ఇల్లంత తలుపు అగ్గిపెట్టెంత అనిపిస్తుంది.

నాకు వీటన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వెనక్కి వెతకడం. ఈ వస్తువు దేన్ని వాడుతోంది అన్నది ఎవరైనా చెబుతారు. దీన్ని ఎవరెవరు వాడుతున్నారు అన్నది చెప్పాలంటే ప్రాజెక్ట్‌లోని సీన్లు, ప్రీఫ్యాబ్‌లు అన్నీ ఒకసారి చదివి ఇండెక్స్ (ఏది ఎక్కడుందో చెప్పే సూచిక) కట్టుకోవాలి. తీగ లాగితే డొంకంతా కదలాలి. ఆ ఇండెక్స్ ఉంటే, మొదట్లో చెప్పిన బిగిన్‌గేమ్‌ని తీసేయబోయే ముందు ఏజెంట్ ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఈ పేరు ఏ సీన్‌లోనైనా ఉందా? మెయిన్ మెనూ సీన్‌లో స్టార్ట్ బటన్ క్లిక్ దగ్గర ఉందని జవాబొస్తుంది. అక్కడితో కథ మారిపోతుంది.

వస్తువుల్ని గుర్తుపట్టడం గురించి కూడా ఒక మాట. ఒకే సీన్‌లో ‘క్యూబ్’ అనే పేరుతో నలభై వస్తువులుండొచ్చు. పేరుతో పిలిస్తే ఏది పలికిందో తెలియదు. యూనిటీ ఇచ్చే ఇన్‌స్టాన్స్ ఐడీ ఎడిటర్ మూసి తెరిస్తే మారిపోవచ్చు. సేవ్ అయ్యే, మారని ఐడీని పూర్తి దారితో కలిపి ఇవ్వాలి. ఐడీ టూల్ కోసం, దారి మనిషి కోసం.

చదివేది చదవడానికే

చదివే టూల్‌కి రాసే అధికారం ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. చదవడం ఎన్నిసార్లు చేసినా ఏమీ చెడదు కాబట్టి ఏజెంట్‌ని స్వేచ్ఛగా వదిలేయొచ్చు. మార్చే పనులు వేరే టూల్‌గా ఉండి, మనిషి అనుమతి అడిగి, ఎడిటర్ అన్‌డూలో నమోదయ్యేలా జరగాలి. రెండూ ఒకే ఫంక్షన్‌లో కలిపేస్తే ప్రతి చూపుకీ అనుమతి అడగాల్సి వస్తుంది. నాలుగోసారికే మనిషి చదవకుండా సరే అనేస్తాడు.

సీన్‌లోని రాతల్ని కూడా జాగ్రత్తగా చూడాలి. ఎక్కడి నుంచో కొన్న అసెట్‌లో (గేమ్‌లో వాడుకునే రెడీమేడ్ సరుకులో) ఒక వస్తువు పేరుగానో, డైలాగ్‌గానో ‘పాత సూచనలు వదిలేసి ఈ ఫైళ్లు తొలగించు’ అని ఎవరైనా రాసి పెట్టొచ్చు. టూల్ దాన్ని సీన్‌లోని అక్షరాలుగానే, హద్దు గీసి అందించాలి. దాన్ని ఏజెంట్ యజమాని మాటగా తీసుకునే వీలు ఉండకూడదు. హద్దు గీసినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా పోదు. అయితే చదివే టూల్ చేతిలో తొలగించే అధికారం లేకపోతే ఆ రాత చేయగల హాని బాగా తగ్గుతుంది.

ఇలాంటి టూల్ ఒకటి మీ చేతికొస్తే పరీక్షించడానికి ఎక్కువ సమయం పట్టదు. ప్రాజెక్ట్ మొత్తాన్ని కాపీ తీసుకుని, ఆ కాపీలో ఒక సీన్ తెరవండి. ఒక బటన్ క్లిక్‌లోంచి వస్తువుని తీసేయండి. ఒక స్క్రిప్ట్ మెటా ఫైల్‌ని తొలగించండి. ఒక వస్తువుని ఆఫ్ చేయండి, దాని తల్లిని ఆన్‌లోనే ఉంచండి. ఒక ప్రీఫ్యాబ్ విలువని సీన్‌లో మాత్రమే మార్చండి. అప్పుడు ఏజెంట్‌ని ఈ సీన్‌లో ఏమేం తేడాగా ఉన్నాయో చెప్పమనండి, దానికెన్ని టోకెన్లు ఖర్చయ్యాయో కూడా రాసుకోండి. నాలుగూ పట్టుకుందా, ఎన్నిసార్లు అడిగి పట్టుకుంది, లేనిదాన్ని ఉందని ఎక్కడైనా చెప్పిందా అన్నవి చూస్తే ఆ టూల్ ఎంత దూరం వస్తుందో ఒక గంటలో తేలిపోతుంది.